ఊపిరితిత్తుల ఆపరేషన్‌కు ముందు మంచం వద్దు, నడక కావాలి

నర్సింగ్ సూపరింటెండెంట్



ఆ మధ్య మన ఆసుపత్రి మగవాళ్ళ వార్డు వరండాలో ఒక పెద్దాయనను నడిపిస్తున్నాము. ఆయన పొగాకు రైతు. వయసు అరవై దాటింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో కాన్సరు గడ్డ ఉన్నదని పరీక్షల్లో తేలింది. పెద్ద ఊరి ఆసుపత్రిలో మూడు వారాల తరువాత ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఈలోగా ఆయాసానికి చూపించుకుందామని మన దగ్గరకు వచ్చారు. ఆయన నడుస్తుండగా భార్య గబగబా వచ్చి మా స్టాఫ్ నర్సు చేయి పట్టుకున్నారు. "ఏమ్మా, కోత కోయించుకోబోయే మనిషిని ఇట్టా తిప్పుతారా? ఇంటికాడ బాత్‌రూముకు కూడా నేను చేయి పట్టుకుని తీసుకుపోతన్నాను. ఉన్న కాస్త ఊపిరి కూడా పోదా?" అని అడిగారు.

ఆమె కోపంలో తప్పు లేదు. జబ్బు పేరు వినగానే మనం చేసే మొదటి పని మంచం వాల్చడం. కాన్సరు అంటే ఇక చెప్పనక్కరలేదు. కొడుకులు, కోడళ్ళు, చుట్టాలు అందరూ "కదలకు, అలిసిపోతావు" అనేవాళ్ళే. ఒకప్పుడు నేను కూడా నా సొంత మనిషికి అదే మాట చెప్పాను. ఆ సంగతి చివర చెబుతాను. ఊపిరితిత్తుల కాన్సరుకు ఆపరేషన్ చేయించుకోబోయేవారు ఆ రెండు మూడు వారాలు ఎలా గడపాలో, ఎందుకు అలా గడపాలో ముందు తెలుసుకుందాము.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

మన కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమ ఊపిరితిత్తిలో రెండు భాగాలు ఉంటాయి. వీటిని లోబులు అంటారు. కాన్సరు తొలి దశలో ఉండి, ఒకచోటనే ఉంటే, గడ్డ ఉన్న లోబును మొత్తం తీసివేయడం ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్న వైద్యం. గడ్డ బాగా చిన్నదై, 2 సెంటీమీటర్ల లోపు ఉండి, ఊపిరితిత్తి అంచు వైపున ఉంటే, లోబులో కొంత భాగమే తీసినా సరిపోవచ్చునని 2022, 2023 సంవత్సరాలలో వచ్చిన పెద్ద పరిశోధనలు చూపించాయి. అందరికీ ఆపరేషన్ పనికిరాదు. జబ్బు పాకిపోయినవారికి, కొన్ని రకాల కాన్సరు ఉన్నవారికి మందులు, రేడియేషన్ ఇస్తారు. కనుక ఆపరేషన్ చేయవచ్చునని డాక్టరుగారు చెప్పారంటే అది భయపడవలసిన మాట కాదు. జబ్బును తొలగించే అవకాశం ఉన్నదని అర్థం.

ఈ ఆపరేషన్‌కు ఒక చరిత్ర ఉంది. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఇవార్ట్స్ గ్రాహం అనే సర్జను, కాన్సరు వచ్చిన ఒక రోగికి ఎడమ ఊపిరితిత్తిని మొత్తం ఒకేసారి తీసివేశారు. ఆ రోగి కూడా డాక్టరే. ఒక్క ఊపిరితిత్తితో ఆయన ఆ తరువాత సుమారు ముప్పయి సంవత్సరాలు జీవించారు. 1950లో గ్రాహం గారు, ఎర్న్‌స్ట్ వైండర్‌తో కలిసి, సిగరెట్లకు ఈ కాన్సరుకు సంబంధం ఉన్నదని చూపించే పరిశోధన ప్రచురించారు. గ్రాహం గారు స్వయంగా చాలా ఏళ్ళు సిగరెట్లు కాల్చినవారే. 1957లో ఊపిరితిత్తుల కాన్సరుతోనే మరణించారు. ఆయన ఆపరేషన్ చేసిన రోగి ఆయన తరువాత కూడా బ్రతికే ఉన్నారు. ఒక భాగం పోయినా మిగిలిన ఊపిరితిత్తితో మనిషి బ్రతకగలడని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏమున్నది?

చిక్కు ఎక్కడ వస్తుంది?

ఆపరేషన్ టేబుల్ మీద అంతా బాగా జరిగినా, ఆ తరువాత మూడు నాలుగు రోజులు చాలా జాగ్రత్తగా ఉండవలసిన రోజులు. పక్కటెముకల మధ్య కోత నొప్పిగా ఉంటుంది. నొప్పి భయంతో రోగి చిన్న చిన్నగా పైపైన ఊపిరి తీస్తాడు. దగ్గడానికి భయపడతాడు. దానితో ఊపిరితిత్తి అడుగుభాగంలో గాలి చేరదు. అక్కడి గాలి గదులు ముడుచుకుపోతాయి. కఫం నిలిచిపోతుంది. నిలిచిన కఫంలో క్రిములు పెరిగి న్యుమోనియా వస్తుంది. కొందరిని మళ్ళీ ఐ.సి.యు.కు తీసుకుపోవలసి వస్తుంది.

ఇందులో కండరాల పాత్ర కూడా ఉంది. పొట్టకూ ఛాతీకీ మధ్య గొడుగులాగా ఉండే డయాఫ్రం అనే కండరమే మనకు ఊపిరి ఆడించేది. కాళ్ళు, చేతుల కండరాలలాగానే ఇది కూడా వాడితే బలపడుతుంది, వాడకపోతే నీరసిస్తుంది. పెద్ద వయసువారు వారం రోజులు మంచం పట్టినా చాలు, కాళ్ళలో సత్తువ కంటికి కనిపించేటంతగా తగ్గిపోతుంది. ఆపరేషన్‌కు ముందే మూడు వారాలు పడుకున్న మనిషి, అసలే తగ్గిన బలంతో ఆపరేషన్‌కు వెళ్తాడు. సాగుకు ముందు ఎద్దులను మేపి సిద్ధం చేసుకుంటాము గాని, ఎండగట్టి కాడి కట్టము కదా.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

ఆపరేషన్‌కు ముందు వ్యాయామంతో ఊపిరితిత్తులను, ఒంటిని సిద్ధం చేసే పద్ధతి కొన్ని దేశాలలో క్రమంగా పెరుగుతోంది. 2019లో ఊపిరితిత్తుల ఆపరేషన్ల గురించి యూరప్ సర్జన్ల సంఘం, త్వరగా కోలుకునే పద్ధతుల సంఘం కలిసి ఇచ్చిన సూచనలలో, ఊపిరితిత్తుల శక్తి అంతంతమాత్రంగా ఉన్నవారికి ఈ ముందస్తు తయారీ గురించి ఆలోచించాలని చెప్పారు. 2022లో కొక్రేన్ అనే సంస్థ 10 పరిశోధనలను, వాటిలోని 636 మంది రోగుల ఫలితాలను కలిపి పరిశీలించింది. ముందుగా వ్యాయామం చేసినవారిలో, చేయనివారితో పోలిస్తే, ఆపరేషన్ తరువాత ఊపిరితిత్తుల చిక్కులు సగానికి పైగా తగ్గాయి. ఆసుపత్రిలో ఉండే రోజులు సుమారు రెండు తగ్గాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వ్యాయామం కాన్సరును కరిగించదు. ఆపరేషన్‌కు బదులు కాదు. ఆపరేషన్‌ను తట్టుకొని త్వరగా లేచే బలాన్ని మాత్రమే ఇస్తుంది. అది చిన్న సంగతి కాదు.

మొదలుపెట్టే ముందు

ఎవరికి వారు సొంతంగా మొదలుపెట్టకూడదు. ముందు డాక్టరుగారు గుండెను, ఊపిరితిత్తులను పరీక్షిస్తారు. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష వలన ఊపిరితిత్తుల శక్తి ఎంతో తెలుస్తుంది. ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా చేస్తాము. మన వరండాలో 30 మీటర్ల దూరానికి రంగుతో గీతలు గీసి ఉన్నాయి, మీలో కొందరు చూసే ఉంటారు. ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలరో, మధ్యలో ఎన్నిసార్లు ఆగారో, వేలికి పెట్టే మిషనులో ఆక్సిజన్ ఎంత చూపిస్తున్నదో రాసుకుంటాము.

ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, ఛాతీ నొప్పి తరచు వస్తున్నవారు, దగ్గులో రక్తం పడుతున్నవారు, ఎముకలలో నొప్పి ఉన్నవారు డాక్టరుగారు సరేనన్నాకనే వ్యాయామం చేయాలి. ఆయాసానికి పీల్చే మందు రాసి ఉంటే, నడకకు ముందు డాక్టరుగారు చెప్పిన ప్రకారం పీల్చుకోవాలి. ఆ మందు పీల్చే పద్ధతి సరిగా ఉన్నదో లేదో మా సిస్టర్లకు ఒకసారి చూపించండి. చాలామంది మందును నోట్లోనే ఉంచుకొని, లోపలికి పోయిందనుకుంటారు.

మూడు వారాల పని

1. నడక. మొదటి వారం పూటకు 10 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఆయాసం వస్తే ఆగి, మళ్ళీ నడవండి. రెండవ వారం పూటకు 15 నిమిషాలు. మూడవ వారం 20 నిమిషాలు. ఒక నిమిషం కాస్త జోరుగా, ఒక నిమిషం మెల్లగా నడిస్తే ఎక్కువసేపు నడవగలుగుతారు. వారంలో కనీసం ఐదు రోజులు నడవాలి. ఎంత జోరుగా అంటే, పక్కవారితో రెండు మాటలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆయాసాన్ని సున్నా నుండి పది వరకు లెక్కవేసుకుంటే, నాలుగు నుండి ఆరు మధ్య ఉండాలి.

2. కుర్చీలో నుండి లేవడం. చేతులు ఆన్చకుండా కుర్చీలో నుండి లేచి కూర్చోవడం, పదిసార్లు. కాసేపు ఆగి మరొకసారి. దీనివలన తొడలకు బలం వస్తుంది. ఆపరేషన్ తరువాత మంచం దిగడానికి ఈ బలమే ఆధారం.

3. చేతులకు. అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతులలో పట్టుకొని భుజం ఎత్తుకు లేపి దించడం, పదిసార్లు. లేపేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపట్టకూడదు.

4. పొట్టతో ఊపిరి. వెనక్కు ఆనుకొని కూర్చొని ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా పీల్చితే పొట్ట మీది చేయి లేవాలి. పెదవులు సన్నగా చేసి, వేడి టీ ఊదినట్టు నెమ్మదిగా వదలండి. వదలడానికి, పీల్చినంతకు రెండింతల సమయం తీసుకోండి.

5. మూడు బంతుల పరికరం. మందుల షాపులలో దొరుకుతుంది. దీని విషయంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ చేసే పొరపాటు ఒకటి ఉంది. బెలూన్ ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. గొట్టాన్ని పెదవులతో బిగించి మెల్లగా, లోతుగా పీల్చి, బంతి లేచాక రెండు మూడు సెకన్లు నిలపండి. మూడు బంతులూ ఒక్కసారిగా లేపాలని పోటీ పెట్టుకోకండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు చాలు. అయితే పరికరం ఉన్నది కదా అని నడక మానకూడదు. ఒక్క బంతులతో పని జరగదు.

6. దగ్గడం నేర్చుకోవడం. నవ్వకండి, ఇది నిజంగా నేర్చుకోవలసినదే. కోత పడబోయే వైపు ఛాతీకి ఒక దిండు అదిమి పట్టుకొని, లోతుగా పీల్చి, కళ్ళజోడు అద్దం తుడవడానికి ఆవిరి ఊదినట్టు నోరు తెరిచి "హా" అని రెండుసార్లు గట్టిగా వదలండి. తరువాత దగ్గండి. ఆపరేషన్ తరువాత నొప్పిలో కొత్తగా నేర్పితే ఎవరికీ రాదు. ముందే చేతికి అలవాటైతే వస్తుంది.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడ, దగ్గులో రక్తం, జ్వరం, ఎప్పుడూ లేనంత ఆయాసం, వేలి మిషనులో ఆక్సిజన్ 88 కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపి, మమ్మల్ని కలవండి.

పొగ, భోజనం

ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే బీడీ, సిగరెట్, చుట్ట ఆఖరిది కావాలి. మానిన ఒక రోజులోనే రక్తంలోని విషవాయువు తగ్గి ఆక్సిజన్ బాగా అందుతుంది. కఫాన్ని పైకి నెట్టే సన్నని వెంట్రుకలవంటివి మళ్ళీ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు వారాల ముందు మానితే మంచిది. అంత సమయం లేకపోయినా సరే, ఈరోజే మానండి. "ఇప్పుడు మానితే కఫం ఇంకా ఎక్కువవుతుంది" అనే మాటను నమ్మి కొనసాగించకండి. ఉత్తర కోస్తా ఊళ్ళలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే పెద్దమ్మలకు కూడా ఇదే మాట. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో, ఈ కొన్ని వారాలైనా రోగిని వంటింటి పొగకు దూరంగా ఉంచండి.

పథ్యం పేరుతో చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టకండి. నడిచే కండరానికి మాంసకృత్తులు కావాలి. కాన్సరు రోగులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు మంచివని నిపుణుల సలహా. అంటే 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, వేరుశనగలు, శనగలు పూటపూటకూ కొద్దికొద్దిగా పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారిని అడగాలి.

మీరు తరచు అడిగే ప్రశ్నలు

నడిస్తే కాన్సరు ఒళ్ళంతా పాకుతుందా?
పాకదు. నడక వలన కాన్సరు పాకుతుందనడానికి ఆధారం లేదు.

తయారీ కోసం ఆపరేషన్ వాయిదా వేయమని అడగవచ్చా?
మీ అంతట మీరు అడగవద్దు. తేదీ వరకు ఎలాగూ ఎదురుచూస్తున్న రోజులను వాడుకోవడమే దీని ఉద్దేశం. వారం రోజులే ఉంటే ఆ వారమే చేయండి. బలం బాగా తక్కువగా ఉన్నదనుకుంటే వాయిదా సంగతి సర్జనుగారే నిర్ణయిస్తారు.

టి.బి. మందులు వాడుతూ ఉండగా ఇది బయటపడింది. ముందే తెలిసేది కాదా?
ఈ ప్రశ్న మాకు చాలాసార్లు వస్తుంది. రెండు జబ్బులకూ దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ ఉంటాయి. అందుకే కళ్ళె పరీక్షలో టి.బి. క్రిములు కనబడకపోయినా, మందులు వాడుతున్నా తగ్గకపోయినా, మళ్ళీ వచ్చి స్కానింగ్ గురించి అడగండి. అడగడం మీ హక్కు.

మా అన్నయ్య సంగతి

చివర చెబుతానన్న మాట ఇది. 1990లలో మా పెద్దన్నయ్యకు ఊపిరితిత్తి ఆపరేషన్ నిర్ణయించారు. నేను అప్పటికే స్టాఫ్ నర్సును. ఇంట్లో అందరికీ నా మాటే వేదం. "అన్నయ్యా, కదలకు, బలం దాచుకో" అని నేనే చెప్పాను. మంచం పక్కన చెంబు, గంట పెట్టి వచ్చాను. నెల రోజులు ఆయన వీధి అరుగు మీదకు కూడా రాలేదు. మా వదిన దగ్గర కూర్చుని కాళ్ళు పిసికేది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగవ రోజున జ్వరం వచ్చింది. దగ్గమంటే దగ్గలేకపోయాడు. లేచి కూర్చోమంటే కాళ్ళలో సత్తువ లేదు. పదకొండవ రోజున న్యుమోనియాతో పోయాడు.

నడిపించి ఉంటే బ్రతికేవాడని నేను చెప్పను. ఎవరూ చెప్పలేరు. ఆ రోజులలో ఆసుపత్రులలో మాకు నేర్పినదీ అదే, విశ్రాంతి. కాని దాచుకోమన్న బలం దాచినచోట ఉండదని, ఖర్చు చేసిన కొద్దీ పెరిగేది అదొక్కటేనని నాకు తెలిసేసరికి ఆలస్యమయింది. వరండాలో ఆ రైతు భార్య నర్సు చేయి పట్టుకున్నప్పుడు నాకు మా వదినే గుర్తుకు వచ్చింది. అందుకే ఆమె మీద కోపం రాలేదు. కూర్చోబెట్టి ఈ సంగతంతా చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను కూడా ఆయనతో నడుస్తానమ్మా" అన్నారు.

మొదటి రోజు ఆయన ఆరు నిమిషాలలో రెండుసార్లు ఆగి 270 మీటర్లు నడిచారు. మూడు వారాలు పొద్దున, సాయంత్రం భార్యాభర్తలిద్దరూ తమ ఊరి చెరువు కట్ట మీద నడిచారు. ఆమె చేతిలో చిన్న స్టూలు ఉండేదట, ఆయాసం వస్తే కూర్చోబెట్టడానికి. వెళ్ళే ముందు రోజు మళ్ళీ పరీక్ష చేశాము. ఆగకుండా 345 మీటర్లు.

ఆపరేషన్ పెద్ద ఊరిలో జరిగింది. అంతా నల్లేరు మీద నడకేమీ కాలేదు. ఊపిరితిత్తి నుండి గాలి కారడం వలన ఛాతీ గొట్టం ఆరు రోజులు ఉంచవలసి వచ్చింది. కాని మరునాడే కుర్చీలో కూర్చున్నారు. ఆ మరునాడు గొట్టం సీసా చేతిలో పట్టుకొని వార్డులో నడిచారు. న్యుమోనియా రాలేదు. నెల తరువాత కుట్లు చూపించుకోవడానికి మన దగ్గరకు వచ్చినప్పుడు ఆయన ఓ.పి. మెట్ల దగ్గర కాసేపు ఆగి, మెట్లన్నీ ఎక్కి వచ్చారు. వెనకాల ఆయన భార్య స్టూలుతో సహా వచ్చారు. "సిస్టరమ్మగారూ, స్టూలు అవసరం పడలేదండీ, అయినా అలవాటు చొప్పున తెచ్చాను" అన్నారు.

కుటుంబాలవారికి నా మనవి ఇదే. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి ఆపరేషన్ నిర్ణయిస్తే, ప్రేమతో మంచం వేయకండి. ప్రేమతో చెప్పులు తొడిగించి, పక్కన నడవండి. పనికి వెళ్ళే కొడుకు పొద్దున పది నిమిషాలు, బడి నుండి వచ్చిన మనవరాలు సాయంత్రం పది నిమిషాలు తోడు నడిస్తే చాలు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మన ఫిజియోథెరపీ గదికి గాని, నర్సింగ్ ఆఫీసుకు గాని రండి. వరండాలో గీతలు ఉన్నాయి. మీతో నడవడానికి మా సిస్టర్లు ఉన్నారు.